ఏజీ కుర్చీ, ఓటరు వాకిలి: శ్రీకాళహస్తి దారిలో ఒక ఆలోచన

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి నలభై కిలోమీటర్ల లోపు దారి. రేణిగుంట దాటాక ఊళ్లు పలచబడతాయి. ఏర్పేడు దగ్గర ఐఐటీ బోర్డులు పలకరిస్తాయి. ఏడాదిలో చాలా నెలలు నీళ్లకన్నా ఇసుకే ఎక్కువగా కనిపించే స్వర్ణముఖి దాగుడుమూతలాడుతూ తోడొస్తుంది. తిరుమల దర్శనం ముగించుకుని ఇటు తిరిగేవాళ్లతో బస్సులు కిటకిటలాడుతుంటాయి. వాళ్లలో చాలామందికి ఈ ఊరంటే వాయులింగం, రాహుకేతు పూజ, కన్నప్ప కొండ. పద్యం వచ్చినవాళ్లకు ధూర్జటి, బట్ట గురించి తెలిసినవాళ్లకు కలంకారీ. రాజకీయ చరిత్ర మీద ఆసక్తితో వచ్చినవారికి మాత్రం మరో పేరు తట్టాలి. 1866 జూలై 9న ఇక్కడ పుట్టి, 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ఫస్ట్ మినిస్టర్‌గా (నేటి ముఖ్యమంత్రి లాంటి పదవి) ఉన్న పానగంటి రామరాయణింగారు, లోకం ఎరిగిన పానగల్ రాజా. 1926 ఎన్నికల్లో ఆయన పార్టీని మట్టికరిపించిన పక్షానికి మద్రాసులో ముందు నిలిచిన మనిషి అదే ప్రభుత్వానికి ఒకప్పటి అడ్వకేట్ జనరల్ (ఏజీ), ఎస్. శ్రీనివాస అయ్యంగార్. ప్రభుత్వం తరఫున కోర్టులో నిలబడ్డ పెద్ద వకీలు రేపు ఆ ప్రభుత్వాన్నే నడిపిస్తానని జనం ముందుకు వస్తే దాన్ని ఎలా చూడాలి? అమెరికాలో ఏటా ఎక్కడో ఒకచోట తలెత్తే ఈ ప్రశ్నకు మన దగ్గర జరిగిన అసలైన పరీక్ష ఇదే. దాని ఫలితం తెలుసుకోవడానికి గ్రంథాలయానికి పోనక్కర్లేదు, ఈ గుడి క్యూలో నిలబడ్డా తెలుస్తుంది.

రాహుకేతు పూజ జరిగే మండపంలో జనం వరసలు కట్టి కూర్చుంటారు. ఒక్కొక్కరి ముందూ రాహువుకని మినుములు, కేతువుకని ఉలవలు, వాటికి తగిన రంగు గుడ్డలు, వాటి మీద వేలెడంత నాగపడగలు. అర్చకుడు మైకులో చెబుతుంటే అందరూ ఒకేసారి గోత్రనామాలు చెప్పుకుంటారు, ఒకేసారి పసుపు కుంకుమలు చల్లుతారు. పూజ అయ్యాక ఆ పడగలు హుండీలో పడతాయి, జనం లేస్తారు, మరో జట్టు వచ్చి కూర్చుంటుంది. రాహుకాలంలో రద్దీ ఇంకా పెరుగుతుంది. గ్రహణం రోజున ఊళ్లోని గుళ్లన్నీ తలుపులు వేసుకుంటే ఇది మాత్రం తెరిచే ఉంటుంది. ఈ కదలిక వెనక టికెట్ కౌంటరు ఉంది, రసీదు ఉంది, హుండీ లెక్కింపు ఉంది, ఆడిట్ ఉంది, ప్రభుత్వం వేసిన ఈవో, ప్రభుత్వం వేసిన పాలకమండలి ఉన్నారు. ఇదంతా 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ ధర్మాదాయ చట్టం కింద నడుస్తుంది. దాని ముందు 1966 చట్టం, దాని వెనక మద్రాసు 1951 చట్టం, ఇంకా వెనక 1927 చట్టం. వేళ్లు తవ్వుకుంటూ పోతే 1922లో పానగల్ రాజా మంత్రివర్గం శాసనమండలి ముందు పెట్టిన హిందూ మత ధర్మాదాయాల బిల్లు దగ్గర ఆగుతాం. ఈ ఊళ్లో పుట్టిన మనిషి పెట్టిన బిల్లుకు వారసురాలైన చట్టం కిందే ఈ ఊరి గుడి నడుస్తోంది.

పానగల్ రాజా చదువుకున్నది తక్కువేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఎ., ఆ పైన ఎం.ఎ., బి.ఎల్. సంస్కృతం మీద మంచి పట్టు. అయితే ఆయన పేరు నిలిచింది కోర్టులో వాదనలతో కాదు. ఉత్తర ఆర్కాట్ జిల్లా బోర్డుతో మొదలుపెట్టి, 1912లో ఢిల్లీలోని సామ్రాజ్య శాసన మండలికి జమీందార్ల ప్రతినిధిగా వెళ్లి, జస్టిస్ పార్టీలో చేరి, 1920 డిసెంబరులో స్థానిక స్వపరిపాలన మంత్రి అయ్యారు. సుబ్బరాయలు రెడ్డియార్ తప్పుకున్నాక 1921 జూలైలో ఫస్ట్ మినిస్టర్ అయ్యారు. కాళహస్తికీ మద్రాసుకూ బంధం అంతకుముందు నుంచే ఉంది. 1639లో ఈస్టిండియా కంపెనీకి సముద్రపు ఒడ్డున చోటిచ్చిన దామర్ల నాయకుల ఇంటిపేరే కాళహస్తి జమీందార్లదీ. ఆ చోట లేచిన కోటలోనే దాదాపు మూడు శతాబ్దాల తరవాత కాళహస్తి మనిషి మంత్రిగా కూర్చున్నాడు. ఆ కుర్చీ బలం అంతంతమాత్రమే. 1919 సంస్కరణలు తెచ్చిన ద్వంద్వ ప్రభుత్వంలో ఖజానా, పోలీసు, భూమి శిస్తు గవర్నరు చేతిలోనే ఉండేవి. విద్య, వైద్యం, స్థానిక సంస్థలు, ధర్మాదాయాల్లాంటివి మాత్రం మంత్రులకు దక్కాయి. డబ్బు ఒకరి దగ్గర, బాధ్యత మరొకరి దగ్గర. ఆ ఇరుకులోనే ఆయన పని చేశారు.

ధర్మాదాయాల బిల్లు తేలిగ్గా దాటిన గండం కాదు. అప్పటికి గుళ్ల ఆస్తులు వంశపారంపర్య ధర్మకర్తలు, మహంతులు, పాతకాలపు కమిటీల చేతుల్లో ఉండేవి. తిరుమల కొండ సంగతే చూస్తే 1843 నుంచి హాథీరాంజీ మఠం మహంతుల అజమాయిషీలో నడిచి, 1930లలో గానీ ప్రత్యేక చట్టం కిందికి రాలేదు. లెక్కలు చూపమని అడిగే దిక్కు లేకపోయింది. ఎవరైనా అడగాలంటే సివిల్ కోర్టుకెక్కి ఏళ్ల తరబడి తిరగాలి. బిల్లు వచ్చేసరికి మఠాధిపతులు, ధర్మకర్తలు మతంలో జోక్యం అన్నారు. బిల్లు 1925లో చట్టమైతే అది సక్రమంగా చట్టం కాలేదని కోర్టుల్లో సవాళ్లు లేచాయి, ఆ సందేహాలు తీర్చడానికి 1927లో మళ్లీ కొత్తగా శాసనం చేయాల్సి వచ్చింది. ఈలోగా 1923 నవంబరులో చిత్తూరు జిల్లా మనిషే, కట్టమంచి రామలింగారెడ్డి, పానగల్ మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. రెండు రోజుల చర్చ తరవాత 65 ఓట్లు మంత్రివర్గానికి, 44 తీర్మానానికి పడ్డాయి. భారతదేశ శాసనసభల చరిత్రలో మొదటి అవిశ్వాస తీర్మానంగా దాన్నే చెబుతారు. ఒకే జిల్లా గాలి పీల్చిన ఇద్దరు సభలో ఎదురెదురుగా నిలబడ్డారు. కొన్నేళ్లకు అదే ప్రభుత్వ కాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడి, దానికి మొదటి ఉపకులపతిగా కట్టమంచి వెళ్లారు. మంత్రి అన్నవాడు తన చట్టాన్ని సభలో నిలబడి సమర్థించుకోవాలి, ఓడితే ఇంటికి పోవాలి. వాదన ఓడినా ఫీజు చేతికొచ్చే వకీలుకు ఆ భయం ఉండదు.

ఇప్పుడు రెండో మనిషి. శ్రీనివాస అయ్యంగార్ 1874లో రామనాథపురం ప్రాంతంలో పుట్టారు. మద్రాసు హైకోర్టులో పేరుమోసిన వకీలు. మద్రాసుకు అడ్వకేట్ జనరల్‌గా పని చేసిన మొదటి భారతీయుడు వి. భాష్యం అయ్యంగార్‌కు ఆయన అల్లుడు. 1916లో తానూ అడ్వకేట్ జనరల్ అయ్యారు. ఆ కుర్చీ నుంచి హైకోర్టు జడ్జీ పదవికో, గవర్నరు కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడి స్థానానికో దారి చక్కగా పరిచి ఉండేది. ఆయన ఆ దారి పట్టలేదు. జలియన్‌వాలాబాగ్ హత్యాకాండ తరవాత 1920లో పదవి వదిలేశారు, ప్రభుత్వమిచ్చిన సి.ఐ.ఇ. బిరుదూ తిప్పి పంపారు. కాంగ్రెసులో చేరారు, అందులో భాగమైన స్వరాజ్య పార్టీకి తమిళనాట దళపతి అయ్యారు. 1926 నవంబరులో జరిగిన ఎన్నికల్లో 98 స్థానాలకు 41 ఆ పార్టీ గెలిచింది, జస్టిస్ పార్టీ 21కి పడిపోయింది. ఆయన స్వయంగా కేంద్ర శాసనసభకు వెళ్లారు. ఆ డిసెంబరులో గౌహతి కాంగ్రెసుకు అధ్యక్షుడయ్యారు. ఆరేళ్ల కిందట ప్రభుత్వం తరఫున నిలబడ్డ మనిషి ఆ ప్రభుత్వాన్ని ఎదిరించే పక్షానికి జాతీయ నాయకుడయ్యాడు.

ఆయన బతుకులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది 1920లో తీసుకున్న ఆ నిర్ణయం. అడ్వకేట్ జనరల్ ఒక కక్షిదారు వకీలు, ఆ కక్షిదారు ప్రభుత్వం. ప్రభుత్వం చేసినది మనసుకు నచ్చకపోయినా చట్టంలో దానికి ఉన్న ఆధారాన్ని కోర్టు ముందు పెట్టడం ఆయన పని. జనం ముందుకు ఓటుకోసం వచ్చేవాడు చేయాల్సింది దీనికి పూర్తిగా వేరు. తనకు ఏది న్యాయమని తోస్తోందో చెప్పి, దానికి తన పేరు తాకట్టు పెట్టాలి. ఈ రెండు పనులూ ఒకే మనిషి ఒకే కాలంలో చేస్తే రెండూ చెడతాయి. కేసు నడిపేటప్పుడు కన్ను ఓటరు మీద ఉంటుంది, ఓటు అడిగేటప్పుడు చేతిలో ఫైళ్లు ఉంటాయి. మన రాజ్యాంగం రాసినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. 165వ అధికరణం ప్రకారం అడ్వకేట్ జనరల్‌ను గవర్నరు నియమిస్తారు, హైకోర్టు జడ్జీకి ఉండాల్సిన అర్హతలు ఉండాలి, గవర్నరు ఇష్టం ఉన్నంతకాలమే పదవి. 177వ అధికరణం ఆయనకు శాసనసభలో మాట్లాడే హక్కిచ్చింది, ఓటు మాత్రం ఇవ్వలేదు. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చున్నవారిలో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టి, 1929 నుంచి 1944 దాకా మద్రాసు అడ్వకేట్ జనరల్‌గా ఉన్న మనిషి. ఆయన తరవాత ఆ కుర్చీలోకి వచ్చిన పి.వి. రాజమన్నార్ కూడా తెలుగువారే. జడ్జీ అయ్యారు, 1948లో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, కొంతకాలం తాత్కాలిక గవర్నరుగానూ ఉన్నారు. ఇద్దరూ ఓటు జోలికి పోలేదు. ఆంధ్ర రాష్ట్రం నుంచి నేటి రెండు తెలుగు రాష్ట్రాల దాకా ముఖ్యమంత్రుల జాబితా తీస్తే వకీళ్లు, లా చదివినవాళ్లు కావలసినంతమంది దొరుకుతారు. బారిస్టర్ ప్రకాశం, సంజీవయ్య, బ్రహ్మానందరెడ్డి, ఈ జిల్లాల నుంచే వెళ్లిన కిరణ్‌కుమార్‌రెడ్డి. మద్రాసు రోజుల్లో 1930 నుంచి 1932 దాకా ఫస్ట్ మినిస్టర్‌గా ఉన్న బొల్లిని మునుస్వామి నాయుడు చిత్తూరు కోర్టు వకీలే. అడ్వకేట్ జనరల్ మాత్రం వాళ్లలో ఒక్కరూ లేరు.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ 43 రాష్ట్రాల్లో అటార్నీ జనరల్‌ను జనమే ఎన్నుకుంటారు. ఆ పదవి నుంచి గవర్నరు పదవికి వేసే అడుగు ఎంత మామూలంటే, బిల్ క్లింటన్ 1979లో ఆర్కాన్సా గవర్నరైంది ఆ మెట్టు మీంచే. కాలిఫోర్నియాలో జెర్రీ బ్రౌన్ (ఆయన అంతకుముందోసారి గవర్నరు చేసి, అటార్నీ జనరల్ అయి, మళ్లీ గవర్నరయ్యారు), నార్త్ కరోలినాలో రాయ్ కూపర్, టెక్సస్‌లో గ్రెగ్ అబట్, పెన్సిల్వేనియాలో జోష్ షపిరో అందరూ అలా ఎక్కినవాళ్లే. న్యూయార్క్‌లో ఎలియట్ స్పిట్జర్ వాల్‌స్ట్రీట్ కంపెనీల మీద పెట్టిన కేసులతో దేశమంతా పేరు తెచ్చుకుని 2006లో భారీ మెజారిటీతో గవర్నరుగా గెలిచారు, ఏడాదిన్నర తిరక్కముందే సొంత నడవడి మీద వచ్చిన రచ్చతో దిగిపోయారు. ఇక్కడ ఎవరి ఉద్దేశాన్నీ శంకించనక్కర్లేదు. ఆ ఏర్పాటులోనే చిక్కు ఉంది. రేపు ఓటడగబోయే మనిషి చేతిలో ఎవరి మీద దావా వేయాలో, ఎవరిని వదలాలో తేల్చే అధికారం ఉంటుంది. ఆయన వేసిన ప్రతి మంచి కేసూ ప్రచారమే అవుతుంది. జనానికి కావలసిన కేసు, పత్రికకెక్కే కేసు రెండూ ఒకటే అయినప్పుడు చిక్కు రాదు. కాకపోయినప్పుడు ఏది ముందుకొస్తుందన్నది ఆ మనిషి మనసాక్షికి వదిలేశారు. అంత బరువు ఒక్క మనసాక్షి మీద పెట్టకూడదనే నా వాదన.

దీనికి గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయడం తగదు. జనం ఎన్నుకున్న అటార్నీ జనరల్ గవర్నరుకు బంటు కాడు, అవసరమైతే గవర్నరును కాదని కేసు వేయగలడు. 1994లో మిసిసిపీ అటార్నీ జనరల్ మైక్ మూర్ సిగరెట్ కంపెనీల మీద దావా వేశారు. పొగాకు జబ్బులకు ప్రభుత్వాసుపత్రులు పెడుతున్న ఖర్చు వాళ్లే కట్టాలన్నారు. ఆ దావా ఆపించమని సొంత రాష్ట్ర గవర్నరే రాష్ట్ర సుప్రీంకోర్టుకెక్కారు, ఆగలేదు. ఆ బాటలోనే నడిచిన రాష్ట్రాలు 46 కలిసి 1998లో కంపెనీలతో చరిత్రాత్మకమైన ఒప్పందం రాయించుకున్నాయి. మన అడ్వకేట్ జనరల్ ముఖ్యమంత్రిని కాదని అలాంటి దావా వేయడం ఊహకు కూడా అందదు. నిజమే. కాని ఆ కథలో మేలు చేసింది ఆ పదవికి ఉన్న స్వతంత్రం. గవర్నరు పదవికి మెట్టు కావడం ఆ మేలుకు ఏమీ కలపలేదు. మూర్ గవర్నరు పదవికి పోటీయే చేయలేదు. స్వతంత్రం కావాలంటే నిర్ణీత పదవీకాలంతో, తీసేయడానికి వీల్లేని భద్రతతో ఇవ్వవచ్చు. దానికి ఎన్నికల ఆశ జతచేయనక్కర్లేదు.

మరో అభ్యంతరం మన ఇంట్లోంచే వస్తుంది. మన ఏజీ పదవి ఏమంత మడిగా ఉంది? ప్రభుత్వం మారిన మర్నాడే ఏజీ రాజీనామా, ఆయనతోపాటు గవర్నమెంటు ప్లీడర్లు, స్టాండింగ్ కౌన్సిళ్లు వరసగా మారడం అమరావతిలోనూ హైదరాబాదులోనూ అందరికీ అలవాటైన తంతు. పార్టీ మనిషిని వేసుకుని దాన్ని తటస్థ పదవి అనడం కంటే, అమెరికావాళ్లలా బాహాటంగా ఓటుకు పెట్టడం నిజాయితీ కదా అనవచ్చు. ఈ మాటలో నిజం ఉంది, నిర్ణయం మాత్రం దాన్నుంచి రాదు. పదవి పార్టీ రంగు పులుముకుంటోంది కాబట్టి ఇంకాస్త పులుముదాం అనడం మందు కాదు. నియామకానికి ఐదేళ్ల గడువు పెట్టాలి, మధ్యలో మార్చాలంటే కారణం రాతపూర్వకంగా సభ ముందు పెట్టాలి, పదవి దిగాక కొన్నేళ్లదాకా పోటీ చేయకూడదన్న కట్టుబాటు పెట్టాలి. శ్రీనివాస అయ్యంగార్‌కు ఇవేవీ అవసరం రాలేదు. పదవి వదిలిన నాటికీ, ఓటరు ముందు నిలబడ్డ నాటికీ మధ్య ఆయన బతుకే ఆరేళ్ల ఎడం పెట్టింది. అంతటి మనిషి దొరికే దాకా ఆగలేం కాబట్టి ఆ ఎడం నిబంధనగా రావాలి.

పదవి వదలడం ఒక ఎత్తు, గెలిచాక పగ్గాలు పట్టడం మరో ఎత్తు. ఇక్కడ శ్రీనివాస అయ్యంగార్ పక్షం మీద నాకు ఫిర్యాదు ఉంది. 1926లో అతి పెద్ద పార్టీగా గెలిచిన స్వరాజ్యవాదులను గవర్నరు గోషెన్ మంత్రివర్గం ఏర్పాటు చేయమంటే వాళ్లు కాదన్నారు. ద్వంద్వ ప్రభుత్వం బూటకం, అందులో కూర్చోవడమంటే దాన్ని ఒప్పుకోవడమే అన్నది పార్టీ విధానం. గవర్నరు పి. సుబ్బరాయన్‌ను పిలిచి, నామినేటెడ్ సభ్యుల అండతో స్వతంత్రుల మంత్రివర్గాన్ని నిలబెట్టారు. స్వరాజ్యవాది సి.వి.ఎస్. నరసింహరాజు శాసనమండలి అధ్యక్షుడయ్యారు. అంటే సభ నడిపే కుర్చీ తీసుకున్నారు, ప్రభుత్వం నడిపే కుర్చీ వద్దన్నారు. వలస పాలనలో ఆ కుర్చీలో కూర్చోకపోవడమే సూత్రబద్ధం అని వాదించేవారికి నా జవాబు ఇది. ఆ బూటకంలోనే పానగల్ రాజా ధర్మాదాయాల చట్టం తెచ్చారు, ఉద్యోగాల్లో సామాజిక వర్గాలవారీగా వాటాలిచ్చే 1921 జీవో తెచ్చారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చట్టం చేయించారు. ఖజానా లేని మంత్రి అంత చేయగలిగినప్పుడు, జనం ఓటు నిండుగా ఉన్న పార్టీ ఏమీ చేయలేకపోయేదా? 1937 జూలైలో రాజాజీ నాయకత్వంలో కాంగ్రెసు అదే మద్రాసులో, గవర్నరు ప్రత్యేక అధికారాలు అలాగే ఉండగా, మంత్రివర్గం ఏర్పాటు చేసింది. పదకొండేళ్లు ఆలస్యంగా ఆ పార్టీయే తన పాత విధానాన్ని సవరించుకుంది. అప్పటికి శ్రీనివాస అయ్యంగార్ రాజకీయాలకు దూరమై తిరిగి న్యాయశాస్త్రం పుస్తకాల్లో మునిగారు. మేన్ రాసిన హిందూ లా గ్రంథాన్ని ఆయన సవరించి తిరగరాసిన తీరును వకీళ్లు నేటికీ గౌరవంగా తలుచుకుంటారు.

ఇదే కాలంలో మూడో దారీ ఒకటుంది. శ్రీనివాస అయ్యంగార్ వదిలిన కుర్చీలోకి 1920లో వచ్చినవారు సి.పి. రామస్వామి అయ్యర్. పానగల్ రాజా ఫస్ట్ మినిస్టర్‌గా ఉన్నప్పుడు ఆయనే అడ్వకేట్ జనరల్. 1923లో గవర్నరు కౌన్సిల్‌లో న్యాయ సభ్యుడయ్యారు. ధర్మాదాయాల బిల్లు సభలో నలుగుతున్న రోజుల్లో ఆయన అక్కడే ఉన్నారు. 1936లో తిరువాన్కూరుకు దివాను అయ్యారు. కోర్టు నుంచి పాలనకు ఓటరు తీర్పుతో కాక నియామకాలతో నడిచిన దారి అది. ఆయన తెలివి మీద, సమర్థత మీద ఎవరికీ అనుమానం లేదు. 1936లో తిరువాన్కూరు గుళ్లలోకి అన్ని కులాల హిందువులకూ ప్రవేశం కల్పించిన ప్రకటన వెనక ఆయన ఉన్నారు. ఆ సంస్థానంలోనే 1946లో పున్నప్ర వయలార్ తిరుగుబాటును తుపాకులతో అణచివేశారు. 1947లో తిరువాన్కూరు స్వతంత్ర రాజ్యంగా ఉంటుందని ప్రకటించి, జూలై నెలలో హత్యాప్రయత్నం తప్పించుకుని, దివాన్‌గిరీ వదిలి వెళ్లారు. అంత మేధావి జనం నాడి పట్టలేకపోయాడంటే కారణం, పట్టాల్సిన అవసరం ఆ పదవుల్లో ఆయనకు రాకపోవడమే. కక్షిదారు మహారాజు అయినప్పుడు వకీలు గెలవాల్సింది మహారాజు మెప్పు మాత్రమే. ఆయన్నే 1960లో భారత ప్రభుత్వం హిందూ ధర్మాదాయాల విచారణ సంఘానికి అధ్యక్షుడిగా వేసింది. పానగల్ రాజా వేసిన విత్తు దేశమంతా ఎలా మొలిచిందో చూసి చెప్పే పని చివరికి ఈ మాజీ అడ్వకేట్ జనరల్‌కు దక్కింది. ఆ పనికి ఆయన సరిగ్గా సరిపోయే మనిషి అనే అనుకుంటాను.

పానగల్ రాజాను ప్రజాస్వామ్యానికి ఆదర్శంగా నిలబెట్టడమేమిటని అడిగేవారుంటారు. ఆయన జమీందారు. ఆనాటి ఓటు ఆస్తి ఉన్నవాళ్ల ఓటు. జస్టిస్ పార్టీ తెల్లదొరల ప్రాపకంలో ఉందన్న మాటా ఉంది. ఇవన్నీ నిజాలే, ఒప్పుకోవాల్సినవే. ఆయన్ను ఆదర్శపురుషుడిగా పూజించమని ఎవరూ అనడం లేదు. ఆయన పెట్టిన ఏర్పాటు ఏం చేసిందన్నదే ఇక్కడ చూడాల్సింది. గుళ్లు ప్రభుత్వం గుప్పిట్లోంచి బయటికి రావాలనే వాదన ఇవాళ గట్టిగా వినిపిస్తోంది. పాలకమండళ్లు రాజకీయ పునరావాస కేంద్రాలవుతున్నాయన్న విమర్శలో పస ఉంది. హుండీ సొమ్ము ఎటు పోతోందని భక్తుడు అడగడంలో తప్పేముంది? అడగడానికి ఒక చోటు ఉండటమే ఆ చట్టం ఇచ్చిన వరం. 2010 మే 26 రాత్రి ఈ ఊరి రాజగోపురం నిట్టనిలువునా కూలిపోయింది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన గోపురం, దాదాపు ఐదు వందల ఏళ్లు నిలబడ్డది. పగుళ్లు కనిపించాయి, ఎందుకు కాపాడలేకపోయారని పత్రికలు, ప్రతిపక్షం, ఊరి జనం ప్రభుత్వాన్ని నిలదీశారు. నిపుణులు వచ్చి చూశారు, దాత ముందుకొచ్చాడు, కొత్త గోపురం లేచి 2017లో కుంభాభిషేకం జరిగింది. ఇప్పుడు సన్నిధి వీధి నుంచి తలెత్తి చూస్తే కనిపించేది ఆ కొత్త కట్టడమే. 1920కి ముందు కాలంలో గోపురం కూలి ఉంటే ఊరు కన్నీరు పెట్టుకుని ఊరుకోవాల్సిందే, అప్పటి ధర్మకర్తను సభలో లేపి నిలదీసే వీలు లేదు. మంత్రి చేతికి వచ్చింది కాబట్టి మంత్రి జవాబు చెప్పాలి. ఆ జవాబు చాలకపోతే మళ్లీ ఓటుకు వచ్చినప్పుడు చూసుకోవచ్చు.

వకీలుకూ నాయకుడికీ మధ్య గీత ఎక్కడుందో అన్నిటికన్నా స్పష్టంగా చూపే ఉదంతం మన కాలంలోనే, ఈ చట్టం మీదే జరిగింది. జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ నివేదిక తరవాత ఎన్టీ రామారావు ప్రభుత్వం 1987 చట్టం తెచ్చి, వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్నీ, అర్చకుల వంశపారంపర్య హక్కులనూ రద్దు చేసింది. దాన్ని సవాలు చేస్తూ నారాయణ దీక్షితులు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996లో తీర్పు రాష్ట్రం పక్షాన వచ్చింది: అర్చకత్వం ఆచారమే అయినా ఆ పదవికి మనిషిని నియమించడం లౌకిక వ్యవహారం, దాన్ని శాసనం మార్చవచ్చు. రాష్ట్రం తరఫు వకీళ్లకు అంతకు మించిన విజయం ఉండదు. అయితే గుళ్లలో పరిస్థితి తీర్పుతో చక్కబడలేదు. చిన్న ఊళ్లలో ఆదాయం లేని ఆలయాల అర్చక కుటుంబాలు తరతరాల ఆధారం పోయి వీధిన పడ్డామని మొరపెట్టుకుంటూ వచ్చాయి. కోర్టులో ఆ మొరకు జవాబు అయిపోయింది, శాసనసభలో అవలేదు. 2007లో అదే సభ చట్టాన్ని సవరించి, అర్హత ఉన్న అర్చక కుటుంబాలకు కొన్ని రక్షణలు తిరిగి ఇచ్చింది. గెలిచిన కేసును తానే సడలించుకునే పని ఏ అడ్వకేట్ జనరల్ చేయలేడు, చేయకూడదు కూడా. ఆ పని చేయాలంటే కక్షిదారును వదిలి, జనం ముందు చేతులు కట్టుకుని నిలబడి గెలిచి, సభలో ఆ కుర్చీలో కూర్చోవాలి.